నత్తి నుండి వ్యాఖ్యానపీఠమునకు

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడలో బిల్ వాల్టన్ అగ్రశ్రేణివాడు. 1973లో విశ్వవిద్యాలయముల జాతీయ పోటీ తుది ఆటలో బంతిని 22 మార్లు విసరి 21 మార్లు బుట్టలో వేసెను. ఆనాడు గడించిన పాయింట్లు 44. 1977లో పోర్ట్‌లాండ్ జట్టును ఎన్.బి.ఏ. విజేతగా నిలిపెను. పిదప పాదముల గాయములు ఆతనిని ఏండ్ల తరబడి ఆటకు దూరము చేసినవి.

మేము ముచ్చటింపదలచినది ఆ ఆటను గూర్చి కాదు. ఇంతటి ఆటగాడు నత్తివాడు; నలుగురిలో నోరు విప్పుటకు జంకెడివాడు. ఆతని 28వ యేట మార్టీ గ్లిక్‌మన్ అను రేడియో వ్యాఖ్యాత (ఈయనయు ఒకప్పటి పరుగుపందెగాడే) మాట పుట్టుకతో వచ్చు వరము కాదనియు, ఆటవలె సాధనతో అబ్బు విద్య యనియు బోధించెను. వాల్టన్ ఆ సాధన చేసెను. ఆట విరమించి టెలివిజన్ వ్యాఖ్యాతయై దేశమంతయు వినునట్లు పలికెను. 2024లో మరణించిన ఈతనిపై విమర్శ యేమన, అతిగా మాటలాడునని! నత్తివానికి అంతకన్న మెప్పేమున్నది?

మన వక్తృత్వపు పోటీలలో ఏటేట ఆ నలుగురే వేదిక నెక్కుదురు. ఇంట ఉర్దూయో తెలుగో పలికి, తరగతిలో ఇంగ్లీషుతో తడబడువాడు వెనుక బల్ల విడువడు. నత్తి వేరు, భాష రాని తడబాటు వేరు; ఐనను రెంటికిని మనము విధించు శిక్ష ఒక్కటే, నవ్వు. మైదానమునకు శిక్షకుడుండగా నాలుకకేల ఉండరాదు? కళాశాల సంఘమువారు వారమునకొక గంట, బహుమతులు లేని పఠనగోష్ఠి నేర్పరుపవలెనని మా మనవి. రానున్న క్రీడోత్సవమున, సమ్మతించినచో, వెనుక బల్లవానికే మైకు నొసగుడు.