పిల్లల మోటారుబండి, దాని క్లచ్చి

మొన్న నొకనాడు శాలిబండలోని మా యింటి ముంగిట మా పిల్లవాడు తన చిన్న మోటారుబండి త్రాడు లాగగనే యది తటాలున ముందునకు దుమికి గోడకు కొట్టుకొన్నది. మోకాలు చీరుకొనుటతో గండము గడచినది. తప్పు వానిది కాదు, క్లచ్చిని ఏనాడును చూడని మాది.

49 సీ.సీ. ఇంజను గల యిట్టి బండ్లకు సాధారణముగా చేతితో నొక్కు క్లచ్చి యుండదు. లోపల 'షూ' లనబడు దిమ్మెలు, వానిని బిగబట్టు స్ప్రింగులు నుండును. కవ్వము వడిగా తిరిగిన మజ్జిగ అంచులకు చిమ్మునట్లు, ఇంజను వడి హెచ్చగనే యీ దిమ్మెలు వెలికి విచ్చుకొని చుట్టునున్న డ్రమ్మును పట్టుకొనును, బండి కదలును. వడి తగ్గిన స్ప్రింగులు వానిని వెనుకకు లాగును. స్ప్రింగు సాగినను తెగినను ఆ పట్టు వదలదు.

కావున పిల్లవాని నెక్కించుటకు ముందు, ఆరుబయట వెనుకచక్రము నేల నంటకుండ బండిని ఇటుకలపై గట్టిగా నిలిపి ఇంజను నడిపి చూడవలెను. వడి పెంచకయే చక్రము బలముగా తిరిగినచో ఇంజను నిలుకడ వడిని తగ్గింపవలెను. అప్పటికిని తిరిగిన స్ప్రింగులు మార్పింపవలసినదే. ఇంజను హోరెత్తినను బండి కదలకున్న దిమ్మెల పూత యరిగియుండును, లేక నూనె తగిలియుండును. పూత నున్నబడిన మాత్రమే ఉప్పుకాగితముతో తేలికగా రుద్దవచ్చును. ఆ ధూళిని నోట ఊదరాదు.

వీధిలోనికి మాత్రము పంపరాదు. 2019లో సవరించిన చట్టము ననుసరించి, మైనరు బండి నడిపి నేరము చేసిన తలిదండ్రులకు 3 ఏండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. మా సందులోని ఆటోల రద్దీ చూచిన చట్టముతో పనియే లేదు!

మా మిస్త్రీ మూడు స్ప్రింగులను ఒక్కసారే మార్చినాడు. ఒకటి క్రొత్తది, రెండు ప్రాతవి యైనచో పట్టు సమముగా నుండదట.