విద్వత్సభలకు ఊరితో పని లేదా?

మన విశ్వవిద్యాలయములలో సాహిత్య, చరిత్ర, తత్త్వశాస్త్రముల విద్వాంసులు కూడు సదస్సులకు కొదవ లేదు. కొదవ యెల్ల వినువారికే. జ్యోతిప్రజ్వలనము, శాలువలు, అతిథుల ప్రసంగములు ముగియుసరికి మధ్యాహ్న మగును. పిమ్మట ఒక్కొక్క పత్రమునకు పదినిమిషములు. ప్రశ్నకు వ్యవధి యుండదు. సాయంకాలము యోగ్యతాపత్రములు చేతబట్టుకొని వచ్చినవారు రైలెక్కుదురు. ఊరి పఠనమందిరములో పత్రిక చదువుకొనుచున్న పౌరునకు ఆ దినమున తన యూర నేమి చర్చింపబడెనో తెలియనే తెలియదు.

ఇది కేవలము పండితుల దోషమని మే మనము. లెక్కయే అట్లు కట్టబడినది. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2010లో అధ్యాపకుల ఉద్యోగోన్నతిని మార్కులతో ముడివేసిరి. వారే 2018లో ప్రకటించిన నిబంధనల పట్టికను చూడుడు. విదేశమున జరుగు అంతర్జాతీయ సదస్సులో పత్రము చదివిన 7 మార్కులు. స్వదేశమున జరుగు అంతర్జాతీయ సదస్సులో 5. జాతీయ సదస్సులో 3. రాష్ట్రస్థాయి, విశ్వవిద్యాలయస్థాయి సభలలో 2. అనగా ధూర్జటిని గూర్చి శ్రీకాళహస్తి పౌరులు వినునట్లు ఇచ్చటి సభలో చెప్పిన 2, ఆ మాటలనే సముద్రము దాటి చెప్పిన 7! ఊరికి దూరమైనకొలది పాండిత్యము పెరుగు ననుట ఏ శాస్త్రమో పట్టిక వ్రాసినవారే చెప్పవలయును. ప్రతి చిన్న సభయు అంతర్జాతీయ మను బిరుదు తగిలించుకొనుటకు ఇంతకంటె వేరు కారణము వెదుక నక్కరలేదు.

తిరుపతికి ఈ దుస్థితి పుట్టుకతో వచ్చినది కాదు. 1939లో దేవస్థానములవారు ఇచ్చట ప్రాచ్యపరిశోధనాలయమును స్థాపించిరి. 1940లో అఖిలభారత ప్రాచ్యవిద్యామహాసభ ఈ యూరనే జరిగినది. 1954లో విశ్వవిద్యాలయము వెలసినది. స్వామి పేరును ధరించి, దేవస్థానముల తోడ్పాటుతో పెరిగిన విద్యాలయ మది. ఆ హుండీలో పడిన కాసులు కూలివానివి, రైతువి కూడను. తాళ్లపాకవారి సంకీర్తనములు చెక్కిన రాగిరేకులు తిరుమల కోవెలలోని యొక చిన్న యరలో శతాబ్దములు మూగవై పడియుండెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు వానిని పరిష్కరించిరి; శర్మగారు స్వరములు గూడ కూర్చిరి. నేడు పొలములో కలుపుతీయు స్త్రీ యెరుగును అన్నమయ్యను. పరిశోధన యనగా అది. నేటి మన సదస్సులు తద్విరుద్ధముగా క్రొత్త రేకులను క్రొత్త యరలలో దాచుచున్నవి.

దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. తిరుమల గోడలపై శాసనములు పెక్కు తమిళమున నేల యున్నవని యడుగు తెలుగువానికి నేడు దొరకు సమాధానము వదంతి. పల్లవ, చోళ, యాదవరాయ, విజయనగర ప్రభువుల పాలనలు ఆ కొండపై నెట్లు ఒకదానిపై నొకటి పేరుకొన్నవో చరిత్రకారు లెరుగుదురు. శాసనసంపుటములు 1930లనుండి అచ్చులో నున్నవి. తెలిసినవారు తలుపు మూసికొని తమలో తాము చెప్పుకొనుచుండగా, తెలియనివారు వీధిలో గొంతెత్తి చెప్పుచున్నారు. జనము వినువాని మాటయే వినును.

ఇట్టి విషయములు తెలుగున చెప్ప సాధ్యము కాదని కొంద రందురు. చిత్తూరు ప్రక్క కట్టమంచిలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివిన రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వవిచారమును తెలుగుననే వ్రాసిరి. పండితలోకము కలగుండువడినది, తెలుగున నుండుటచేతనే కలగుండువడినది! పరరాష్ట్రములవారు వచ్చినపుడు ఆంగ్లము తప్పదన్న మాట న్యాయమే. వా రాంగ్లముననే మాటలాడుదురు గాక. తెలుగు సారాంశము నొక పుట యచ్చువేయించుట కేమి యడ్డము?

మే మడుగునది జాతర కాదు. 2012 డిసెంబరులో ప్రపంచ తెలుగు మహాసభలు మూడుదినములు తిరుపతిలోనే జరిగినవి. పండుగలకు మనకు లోటు లేదు. మే మడుగునది విచారణ. న్యాయస్థానములలో తిరుగువారమగుట అడ్డుసవాలు పడని సాక్ష్యమున కెంత విలువయో మాకు తెలియును. అవధానమున పృచ్ఛకులను తొలగించి అవధాని నొక్కనినే కూర్చుండబెట్టిన నెవడైన చూడ వచ్చునా?

కావున ప్రతి సదస్సులోను ఒక సభ ఊరిలో, సాయంకాలము, పనులు ముగిసిన వేళ జరుపవలయును. పత్రము లనేకము లక్కరలేదు, రెండు చాలును. చెప్పుటకు ఎంత కాలమో ప్రశ్నలకును అంత కాలము. సభాసంచికలు తిరుపతి, చిత్తూరు, మదనపల్లె గ్రంథాలయములకు చేరవలయును. 2022లో జిల్లాలు విడిపోయినను చదువరులు విడిపోలేదు. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమువారు తమిళ, కన్నడ సరిహద్దున నున్నారు. మూడు భాషల ఊళ్లలో ఈ పద్ధతి నడపుటకు వారికంటె తగినవారు లేరు. దీనికి ధనసహాయ సంఘమువారి యనుమతి యక్కరలేదు, మార్కులును రావు. రాబోవు సదస్సు ఆహ్వానపత్రము నొకదానిని పఠనమందిరమునకు పంపుడు. ప్రశ్నలు మేము తెచ్చుకొందుము.