బస్తా కుమ్మరించుట, కొంచెము కొంచెముగా అందించుట

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 6:6-9, యెషయా 28:23-29



రైతు అప్పు చేసి తెచ్చి చల్లిన యూరియాలో పైరుకు చేరేది ఎంత? యూరియాలో 46 శాతము నత్రజని ఉన్నది. అయితే మన పొలాలలో వేసిన నత్రజనిలో పైరుకు అందేది సాధారణముగా సగమునకు మించదు. మిగిలినదానిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోవును. కొంత నైట్రేటుగా మారి, వాననీటితో వేళ్లకు అందనంత లోతుకు దిగిపోవును. అది బావినీటిలో ఎక్కువగా చేరితే పసిబిడ్డలకు హాని. లోపము ఎరువులో లేదు, రైతు కష్టములో లేదు. ఒక్కసారిగా ఇచ్చినదంతా ఒక్కసారిగా అందుకొనే శక్తి లేత మొక్కకు లేదు.

ఈ నష్టమును తగ్గించుటకు వచ్చిన సాధనములలో హైడ్రోజెల్ ఒకటి. పొడిగా ఉన్నప్పుడు పంచదార పలుకులవలె ఉండును. నీరు తగలగానే ఉడికిన సగ్గుబియ్యమువలె ఉబ్బును. చంటిబిడ్డల డైపర్లలో తడిని పట్టియుంచే పొడి ఈ జాతిదే. అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు 1970 దశకములోనే మొక్కజొన్న గంజిపిండికి వేరొక రసాయనమును జతచేసి ఇట్టి పదార్థమును తయారు చేశారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారి ‘పూసా హైడ్రోజెల్’ తన బరువుకు కనీసము 350 రెట్ల శుద్ధమైన నీటిని పట్టుకొనగలదు. ఎకరమునకు ఒకటి రెండు కిలోలు చాలును.

దీని మర్మమేమి? దారములవంటి పొడవైన అణువులు అక్కడక్కడ ముడిపడి వలవలె ఉండును. దారములు నీటిని లోపలికి లాగును. ముడులు ఆ దారములు కరిగి కొట్టుకొనిపోకుండా పట్టుకొనును. ఎరువును ఆ వలలో ఇమిడ్చితే, అది నీటితోపాటు లోపల నిలిచి, కొద్దికొద్దిగా బయటికి వచ్చి వేళ్లకు చేరును. సేద్యగానికి వివేకము నేర్పేది దేవుడే అని యెషయా ప్రవక్త చెప్పలేదా?

ఇప్పుడు మోషే తలిదండ్రులకు చెప్పిన మాట చూడండి. దేవుని మాటలు మొదట పెద్దల హృదయములో ఉండాలి. ఇది పట్టియుంచుట. తరువాత ఇంట్లో ఉన్నా, దారిన పోతున్నా, పడుకొనబోయే ముందు, లేచిన తరువాత పిల్లలతో ఆ సంగతులు మాటలాడుచుండాలి. ఇది కొద్దికొద్దిగా అందించుట.

మనమేమి చేయుచున్నాము? నెలల తరబడి పిల్లలతో నాలుగు మాటలు మాటలాడము. పరీక్ష తప్పిన రోజున, కుమారుడు ఆలస్యముగా ఇల్లు చేరిన రాత్రి, బస్తా మొత్తము కుమ్మరించుదుము. ఎరువు ఒక్కచోట ఎక్కువ పడితే మొక్క మాడిపోవును. కొందరు పిల్లలు ఇంటికి దూరమగుటకు బోధ లేకపోవుట కారణము కాదు. బోధ అంతా ఒక్క గడియలో, కోపముతో వచ్చుటయే కారణము.

రెండు హెచ్చరికలు. ఉప్పు ఎక్కువైన నీటిలో జెల్ అంతగా ఉబ్బదు. శుద్ధమైన నీటిలో వందల రెట్లు పట్టినది అక్కడ కొంతమాత్రమే పట్టును. భార్యాభర్తల మధ్య కక్ష నిలిచియున్న ఇంటిలో వాక్యము ఎంత వినినను నిలిచేది కొంచెమే. రెండవది, జెల్ నీటిని పుట్టించదు. వానైనా తడియైనా రావలెను. మనమును కృపను పుట్టించలేము. ప్రార్థనలో దానిని పొందినప్పుడే పిల్లలకు పంచగలము.

జెల్ కొనదలచిన రైతు సోదరులు అది ఏ పదార్థముతో చేసినదో అడగండి. కొన్ని రకములు నేలలో త్వరగా కలిసిపోవు. వ్యవసాయాధికారి సలహాతో మొదట కొద్ది సెంట్లలోనే వేసి చూడండి.

తలిదండ్రులారా, ఈ రాత్రి పిల్లలయొద్ద పది నిముషములు కూర్చుండండి. ఒక వచనము, ఒక ప్రశ్న, చిన్న ప్రార్థన చాలును. రేపు మరల కూర్చుండండి. పంట ఇచ్చే దేవుడు మీ ఇంటిని పచ్చగా ఉంచును గాక. ఆమేన్.