బాకీ పెట్టవలసిన లెక్కలు

‘ఆలస్యం అమృతం విషం’ అన్న మాట విననివారు మన కళాశాలలో ఉండరు. గంట మ్రోగిన తరువాత వచ్చేవారికీ, ఫీజు గడువు దాటించేవారికీ, పరీక్షకు ముందు రాత్రి పుస్తకం తెరిచేవారికీ అధ్యాపకులు ఈ మాటనే అప్పజెప్పుతూ ఉంటారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వుతారా అని ఇంటి వద్ద పెద్దలు అడగనే అడుగుతారు. ఇటువంటి వాతావరణంలో పనిని వాయిదా వేయడాన్ని సమర్థిస్తూ వ్యాసం వ్రాయడం సాహసమే. అయినప్పటికీ కంప్యూటరు విభాగపు విద్యార్థులమైన మేము ఆ సాహసానికి పూనుకొన్నాము. ప్రోగ్రాములలో శ్రమతో కూడిన కొన్ని లెక్కలను అడిగినప్పుడే చేయాలనీ, ముందుగా చేసి పెట్టడం దుబారా అనీ మా అభిప్రాయం. అయితే వాయిదా వేసినవారికి ఒక బాధ్యత ఉన్నది. దానిని మా చదువులో ఎవరూ పరీక్షించడం లేదన్నది మా ఫిర్యాదు.

ముందుగా విషయాన్ని విశదపరుస్తాము. ఇక్కడ ‘క్లాసు’ అంటే గంట కొట్టగానే మొదలయ్యేది కాదు. ఒకే జాతి వస్తువులన్నిటికీ ప్రోగ్రాములో గీసి పెట్టిన నమూనాను క్లాసు అంటారు. ‘విద్యార్థి’ అనే క్లాసు వ్రాసినామనుకొందాము. ప్రతి విద్యార్థికీ పేరు, రోల్ నంబరు, హాజరైన తరగతులు మొదలైన లక్షణాలు ఉంటాయి. వీటినే ఆట్రిబ్యూట్లు అంటారు. పేరు, రోల్ నంబరు మనం ఇచ్చినవి. ఉన్నవి ఉన్నట్లు దాచుకొంటే చాలును. హాజరు శాతం, ర్యాంకు, పేరును అకారాది క్రమంలో నిలపడానికి కావలసిన సంకేతం వంటివి ఇచ్చినవాటి నుండి లెక్కకట్టి రాబట్టవలసినవి. పేచీ అంతా ఈ రెండవ జాతితోనే.

హాజరు, బాకీ, రద్దు అనే మూడు మాటలూ ఉర్దూ మార్గాన తెలుగులోకి వచ్చి ఇక్కడే కాపురమున్నవని మన ఉర్దూ విభాగపు మిత్రులకు తెలియనిది కాదు. మేము ఈ పద్ధతికి ‘బాకీ లెక్క’ అని పేరు పెట్టుకొన్నాము. వస్తువు పుట్టినప్పుడే అన్నిటినీ లెక్కకట్టడం రొక్కపు బేరం. లెక్కను బాకీ పెట్టి, మొదటిసారి అడిగినప్పుడు తీర్చి, వచ్చిన జవాబును దాచుకొని, తరువాత అడిగినవారికి దానినే చూపడం బాకీ బేరం. ఇచ్చిన అంశాలు మారినప్పుడు దాచిన జవాబును రద్దు చేయాలి. అసలు కష్టం ఈ మూడవ మాటలోనే ఉన్నది.

ఒక గ్రంథాలయపు జాబితాలో 1000 పేర్లు ఉన్నవనుకొనండి. వాటిని అకారాదిగా అమర్చడానికి సుమారు 10,000 పోలికలు కావాలి. ప్రతి పోలికకూ రెండు పేర్ల సంకేతాలనూ కొత్తగా తయారుచేస్తే 20,000 సార్లు అదే శ్రమ. ఒక్కసారి చేసి దాచుకొంటే 1000 సార్లతో సరి. కావున దాచుకోవడం మేలని అందరూ ఒప్పుకొంటారు. అట్లయితే జాబితా తెరిచినప్పుడే వెయ్యి సంకేతాలనూ చేసి పెట్టవచ్చును గదా అని ఒకరు అడగవచ్చు. కాని ఆ ఉదయం వచ్చిన పాఠకుడు నంబరు చెప్పి ఒక్క పుస్తకం అడిగి వెళ్ళిపోతే ఆ వెయ్యి సంకేతాలూ ఎవరి కొరకు? పాత కంప్యూటర్లున్న ప్రయోగశాలలో తెర వెలిగే వరకు ఎదురుచూసిన మాకు ఆ ప్రశ్న విలువ తెలుసు.

ఇది మేము కనిపెట్టినది కాదు. ఒకసారి కట్టిన లెక్కను గుర్తుంచుకొనే ‘మెమో’ ప్రమేయాలను గురించి డోనాల్డ్ మిచీ 1968లోనే ‘నేచర్’ పత్రికలో వ్రాసినాడు. అవసరం పడేవరకు లెక్కను కదిలించని పద్ధతికి హెండర్సన్, మారిస్ అనే ఇద్దరు 1976లో ‘లేజీ’ అన్న విశేషణాన్ని తమ వ్యాసపు శీర్షికలోనే పెట్టినారు. సోమరితనానికి విద్వత్సభలో అంతటి గౌరవం దక్కడం అరుదు.

మా పాఠ్యక్రమంలోని జావా భాషలో దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. అక్షరాల వరుసను దాచే స్ట్రింగ్ అనే క్లాసు ప్రతి మాటకూ ఒక గుర్తింపు సంఖ్యను కట్టగలదు. దానిని హ్యాష్ అంటారు. ‘రాజంపేట’ కంటికి నాలుగు అక్షరాలే అయినా, గుణింతపు గుర్తులనూ సున్ననూ విడివిడిగా లెక్కించే కంప్యూటరుకు ఏడు సంకేతాలు. వరుసగా ఒక్కొక్క సంకేతాన్ని కలుపుతూ, అంతకుముందు వచ్చిన మొత్తాన్ని 31తో హెచ్చిస్తూ పోవాలి. ఏడింటికి శ్రమ లేదు. ఒక గ్రంథమంత పాఠమైతే శ్రమే. అందుచేత జావా ఆ సంఖ్యను పుట్టుకతో కట్టదు. దాని కొరకు ఉన్న గదిలో సున్న ఉంటుంది. అడిగినప్పుడు సున్న కనబడితే కట్టి, ఆ గదిలో ఉంచుతుంది.

మరి కట్టిన తరువాత వచ్చిన జవాబే సున్న అయితే? అప్పుడు బాకీ తీరినదో లేదో గదిని చూసి చెప్పలేము. అడిగినప్పుడల్లా మొదటి నుండి చివరి వరకు కట్టవలసిందే. ఈ లోపం చాలకాలం అట్లే ఉండి, 2019లో వచ్చిన జావా 13లో ‘జవాబే సున్న’ అని చెప్పే మరొక చిన్న గుర్తును చేర్చడంతో తీరినది. ఆ గుర్తును వస్తువులో అప్పటికే ఖాళీగా ఉన్న జాగాలో ఇమిడించినారు. ప్రపంచమంతటా వాడే క్లాసులో కూడ ‘ఇంకా కట్టలేదు’ అన్న మాటకూ ‘కట్టితే సున్న వచ్చినది’ అన్న మాటకూ తేడా చెప్పడానికి అంతకాలం పట్టినదంటే, మొదటి సంవత్సరపు విద్యార్థి తప్పు చేయడంలో వింత లేదు.

కంపైల్ అయ్యే క్లాసులకు మరొక చిక్కు ఉన్నది. సాధారణ పైథాన్‌లో ప్రతి వస్తువూ తన వెంట ఒక నిఘంటువును మోస్తుంది. ఏ జవాబునైనా అందులో వేసుకోవచ్చు. 2019లోనే పైథాన్ 3.8లో వచ్చిన క్యాష్డ్ ప్రాపర్టీ అనే సాధనం ఆ నిఘంటువును నమ్ముకొన్నది. అదే పైథాన్‌ను సైథాన్ ద్వారా కంపైల్ చేసి, లక్షణాలను ముందుగా ప్రకటించిన క్లాసుగా మార్చితే, మనం ప్రత్యేకంగా కోరితే తప్ప ఆ నిఘంటువు ఉండదు. గదులు ఎన్నో కట్టేటప్పుడే తేలిపోతాయి. కావున బాకీ జవాబుకు కావలసిన గదిని ముందే కట్టించుకోవాలి. సి ప్లస్ ప్లస్‌లో ఆ గదికి మ్యూటబుల్ అని పేరు వ్రాయకపోతే, వస్తువును మార్చబోనని మాట ఇచ్చిన మెథడ్ అందులో జవాబు పెట్టడానికి కంపైలరు ఒప్పుకోదు. లెక్కను వాయిదా వేయవచ్చును గాని, వాయిదా వేస్తున్నామన్న నిర్ణయాన్ని వాయిదా వేయడం అక్కడ కుదరదు.

ఇక మా స్వానుభవం. హాజరు జాబితా తయారుచేసే ప్రోగ్రామును మేము నలుగురం జావాలో వ్రాసినాము. హాజరు శాతాన్ని బాకీ పెట్టి, గదిలో మైనస్ ఒకటి ఉంచినాము. శాతం ఎన్నడూ మైనస్ కాదు గనుక స్ట్రింగ్‌కు వచ్చిన చిక్కు మాకు రాదని కొంత గర్వపడినాము కూడ. ఉదయం జాబితాను తెరపై చూసినాము. ఒక విద్యార్థిని 120 తరగతులలో 88కి హాజరు, శాతం 73.3. కావలసినది 75. మధ్యాహ్నం ఆమె క్రీడలకు వెళ్ళిన రోజుల అనుమతి పత్రం రాగా నాలుగు తరగతులు కలిపినాము. ప్రోగ్రామును మూయలేదు. సాయంత్రం అచ్చు తీసి నోటీసు బోర్డుపై అంటించినాము. మరునాడు తండ్రిని వెంటబెట్టుకొని పరీక్ష ఫీజు కట్టడానికి వచ్చిన ఆ అమ్మాయి, తక్కువ హాజరు వారి వరుసలో తన పేరు చూసి, “తొంభై రెండొస్తే డెబ్బై మూడెట్లయితాదన్నా?” అని అడిగినది. కాగితంపై 92, దాని ప్రక్కనే 73.3. గుమాస్తా తన రిజిస్టరు తీసి, పెన్సిలుతో భాగహారం చేసి 76.6 అని చూపినాడు. ఆమె తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకొని వచ్చినాడని మాకు ఆ తరువాత తెలిసినది.

తప్పు పూర్తిగా మాదే. హాజరును మార్చే మెథడ్‌లో గదిని తిరిగి మైనస్ ఒకటి చేసే ఒక్క వాక్యం లేదు. దానిని చేర్చి ఊపిరి పీల్చుకొనేలోపే మరొక సంగతి తట్టినది. మరొక తరగతి జరిగి మొత్తం 121 అయితే, ఒక్కరి శాతం కాదు, అందరి శాతమూ మారుతుంది. ర్యాంకు సంగతి ఇంకా విషమం. ఒకరి మార్కులు సవరిస్తే, ఏ మార్పూ లేని మరొకరి ర్యాంకు మారుతుంది. ఆ వార్త ఆ రెండవ వస్తువుకు చేరదు. కనుక ర్యాంకు విద్యార్థి లక్షణమే కాదనీ, అది జాబితా లక్షణమనీ, దాని బాకీని జాబితాయే మోయాలనీ మా నిశ్చయం. స్ట్రింగ్‌కు ఈ బాధ లేదు. ఒకసారి పుట్టిన స్ట్రింగ్ ఇక మారదు, దాచిన జవాబు పాతబడదు. ఇద్దరు ఒకేసారి అడిగి ఇద్దరూ కట్టినా వచ్చేది అదే సంఖ్య. మారని వస్తువులకు బాకీ పెట్టడం సులభం. మారేవాటికి పెట్టేముందు ఎవరెవరు మార్చగలరో వ్రాసుకొనాలి.

ఇప్పుడు కళాశాల కమిటీ వారికి మా మనవి. మా ప్రాక్టికల్ పరీక్షలో ప్రోగ్రామును ఒకసారి నడిపి, వచ్చిన జవాబు సరియైతే మార్కులు వేస్తారు. మా హాజరు ప్రోగ్రాము ఆ పరీక్షలో నూటికి నూరూ తెచ్చుకొని ఉండేది. జవాబు చూసిన తరువాత ఒక అంశాన్ని మార్పించి, రెండవసారి అడిగించండి. అయిదు నిమిషాల పని. కొత్త యంత్రాలు కొననక్కరలేదు. కళాశాల చేతిలోని అంతర్గత పరీక్షలలో ఈ సంవత్సరమే ప్రారంభించవచ్చు. అంతవరకు విద్యార్థులు తయారుచేసిన ఏ జాబితానైనా గుమాస్తా రిజిస్టరుతో సరిచూడనిదే నోటీసు బోర్డుపై అంటించవద్దని కూడ కోరుతున్నాము. మా ప్రోగ్రాములో శాతం భాగం ఇప్పుడు సరిగా ఉన్నది. ర్యాంకు భాగాన్ని జాబితాకు మార్చే పని ఇంకా సగంలో ఉన్నది.