ఇంజిన్ రేటు కాదు, నెల రేటు చూడండి

"మూడు లక్షల బండికి లక్ష పైన పెట్టి ఇంజిన్ చేయిస్తావా? పిచ్చా!"

పికప్ బండి ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినిపించే డైలాగ్ ఇది. వినడానికి కరెక్ట్‌గానే ఉంటుంది. లెక్కలో మాత్రం తేడా కొడుతుంది. బండి అమ్మితే ఎంత వస్తుందనేది ఒక ప్రశ్న. అది నెలకి ఎంత సంపాదించి పెడుతుందనేది ఇంకో ప్రశ్న. ఇంజిన్ బిల్లుని పోల్చాల్సింది రెండో దానితో.

మనలో చాలామందికి ఊళ్లో ఇలాంటి బండి ఒకటి ఉంటుంది. నాన్నదో, అన్నదో, మామదో. ఇల్లు దాని మీదే నడుస్తుంటుంది. ఇంజిన్ పోయిన రోజు ఫోన్ వచ్చేది సిటీలో నెల జీతం తీసుకునే మనకే. గూగుల్ పే ఓపెన్ చేసే ముందు ఏం అడగాలో తెలిసి ఉంటే అందరికీ మంచిది.

మా మామది మదనపల్లె. తొమ్మిదేళ్ల బొలెరో పికప్. టమాటా మార్కెట్ నుంచి చెన్నై కోయంబేడుకి లోడు, సీజన్ లేకపోతే ఏది దొరికితే అది. మీటరు 2.6 లక్షల కిలోమీటర్లు దాటింది. కొన్ని నెలలుగా ఆయిల్ తాగుతోంది, ఎత్తు వస్తే లాగనంటోంది. "అల్లుడూ, ఇంజిన్ దించాల్సిందే అంటుండారు. బోరు పనికి 95 వేలు, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ 80 వేలు, కంపెనీ కొత్తది 2 లక్షల 40 వేలు. ఏది మేలు?" అన్నాడు. బీటెక్ మెకానికల్ చదివి కోడ్ రాసుకుంటున్న బ్యాచ్ నాది. ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశా.

నిజంగా పోయింది ఇంజినేనా?

రేట్ల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. నీలం పొగ వస్తోందంటే ఆయిల్ కాలుతోందని అర్థం. కారణం రింగులు అరగడం కావచ్చు, టర్బో సీల్ పోవడం కూడా కావచ్చు. ఈ రెండు పనుల బిల్లులకీ పొంతనే ఉండదు. నల్ల పొగ అయితే ముందు ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం.

అనుమానాలతో ఇంజిన్ దించకూడదు. కంప్రెషన్ టెస్ట్ చేయించి, ప్రతి సిలిండర్ రీడింగు రాయించుకోవాలి. నాలుగింట్లో ఒకటే తక్కువుంటే వాల్వు దగ్గరో గాస్కెట్ దగ్గరో పని అయిపోవచ్చు. మామ బండికి నాలుగూ తక్కువే వచ్చాయి. సో, ఇంజిన్ పనే.

ఇంకో మాట. ఎందుకు పోయిందో తెలీకుండా ఇంజిన్ మార్చడం, బగ్ ఏంటో చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేయడం లాంటిది. రేడియేటర్ పూడుకుపోయి హీటెక్కి పోయిన ఇంజిన్ స్థానంలో కొత్తది పెట్టినా, అదే రేడియేటర్ దాన్నీ తినేస్తుంది.

మూడు కొటేషన్లు, అసలు ఖర్చులు

మెకానిక్ చెప్పేది ఇంజిన్ రేటు. మన జేబులోంచి పోయేది వేరు. ఇంజిన్ దించాక క్లచ్ ప్లేట్, వాటర్ పంప్, హోస్ పైపులు, మౌంటింగులు, ఆయిల్, కూలెంట్, రేడియేటర్ క్లీనింగ్ అన్నీ వస్తాయి. గేర్‌బాక్స్ ఎలాగూ విప్పుతారు కాబట్టి క్లచ్ పని అప్పుడే చేయించడం తెలివైన పని. దీనికి 20 వేలు వేశా. జీఎస్టీ రేటులో కలిసిందా, పైన వేస్తారా అనేది కూడా ముందే అడగాలి.

అందరూ మర్చిపోయే ఖర్చు, బండి ఆగిన రోజులు. డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా పోగా మామకి రోజుకి 1,400 మిగులుతుంది, నెలకి 22 రోజులు. అంటే నెలకి 30,800.

బోరు పని: లేత్ షాపు చుట్టూ తిరగాలి, 11 లోడు రోజులు పోతాయి. 95 వేలు, పైఖర్చు 20 వేలు, పోయిన సంపాదన 15,400. మొత్తం 1,30,400.

సెకండ్ హ్యాండ్: 80 వేలకి ఫిట్టింగ్ 15 వేలు కలపాలని తర్వాత తెలిసింది. పైఖర్చు 20 వేలు. నాలుగు రోజుల్లో బండి రెడీ, పోయేది 5,600. మొత్తం 1,20,600.

కొత్తది: 2.4 లక్షలు, పైఖర్చు 20 వేలు, తెప్పించి బిగించేసరికి 15 లోడు రోజులు, అంటే 21 వేలు. మొత్తం 2,81,000.

ఇవి మామ బండి లెక్కలు. మీ ఊళ్లో రేట్లు మారతాయి, పద్ధతి మారదు.

ఇప్పుడు నెలలతో భాగించండి

నేను వేసుకున్న ఆయుష్షు అంచనాలు ఇవి. మంచి లేత్ షాపులో చేయించిన బోరు పని మూడేళ్లు. ఎంత తిరిగిందో తెలీని సెకండ్ హ్యాండ్ ఏడాదిన్నర. కొత్తది ఆరేళ్లు.

బోరు పని నెలకి దాదాపు 3,600 పడుతుంది. సెకండ్ హ్యాండ్ 6,700. మొత్తంలో చవగ్గా కనిపించింది నెల లెక్కలో దాదాపు డబుల్. కొత్త ఇంజిన్ ఆరేళ్లు వాడితే 3,900. కానీ బాడీ, గేర్‌బాక్స్, వెనక హౌసింగ్ ఇంకో మూడేళ్లకి అలిసిపోతే అదే 7,800 అవుతుంది. బండి కంటే ఎక్కువ కాలం బతికే ఇంజిన్‌కి డబ్బులు కట్టడం వేస్ట్.

మరి అమ్మేసి కొత్త బండి కొంటే? పది లక్షల బండికి ఎనిమిదిన్నర లక్షల లోన్, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 18,500. పాత బండికి మిగతా రిపేర్ల కింద నెలకి 4 వేలు పక్కన పెట్టినా 7,600 దాటదు. ఇంజిన్ పోయిన బండిని ఇప్పుడు అమ్మితే వచ్చే లక్షా ఇరవై సంగతి? మూడేళ్లయ్యాక నడిచే బండిగా అమ్మినా సుమారుగా అంతే రావచ్చు. కాబట్టి దాన్ని పక్కన పెట్టేశా.

"మొన్నే 35 వేలు పెట్టి టైర్లు వేయించానే" అన్నాడు మామ. పెట్టిన డబ్బు లెక్కలోకి రాదు. ఆ టైర్లు ఇంకా ఎంత నడుస్తాయన్నది మాత్రం వస్తుంది.

కాగితాలు

ఇంజిన్ నంబర్ బ్లాక్ మీద ఉంటుంది. బోరు పనిలో పాత బ్లాకే ఉంటే నంబర్ మారదు. వేరే ఇంజిన్ పెడితే 14 రోజుల్లోగా రవాణా శాఖకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించాలి. సెకండ్ హ్యాండ్ ఇంజిన్‌కి బిల్లు, అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ కాగితాలు లేకపోతే, ఎంత చవకైనా వద్దు. రేపు ఫిట్‌నెస్‌లో, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇరుక్కునేది మనమే. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కదా.

బీఎస్-4 బండికి బీఎస్-4 ఇంజినే చూసుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చినవి బీఎస్-6. సెన్సార్లు, వైరింగ్, ఈసీయూ వేరు.

అరిగిపోయిన ఇంజిన్‌కి మామూలు ఇన్సూరెన్స్ పాలసీ పైసా ఇవ్వదు. అందుకే వారంటీ కాగితం మీద ఉండాలి. ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు, మళ్లీ దించాల్సి వస్తే లేబర్ ఎవరిది? తీసేసిన పాత పిస్టన్లు, బేరింగులు మనకి ఇచ్చేయమని ముందే చెప్పండి.

డబ్బు ఎక్కడిది?

ఛాసిస్‌కి పగుళ్లు ఉన్నా, గేర్‌బాక్స్ కూడా మోత పెడుతున్నా, పాత బండి నెల ఖర్చు కొత్త బండి ఈఎంఐ దగ్గరికి వచ్చేసినా, ఇంజిన్ జోలికి పోకుండా అమ్మేయడమే మేలు. మామ బండికి ఇవేవీ లేవు. బోరు పనికి ఓకే అన్నా.

కానీ నా షీట్‌లో లేని ఒక లైను మామ చెప్పాడు. ఊళ్లో అప్పు మూడు రూపాయల వడ్డీ. 1,15,000కి నెలకి 3,450 వడ్డీయే. అసలు తీరేదాకా 3,600 కాస్తా 7 వేలు దాటుతుంది. మంచి నిర్ణయం కూడా ఖరీదైపోయేది ఇక్కడే.

కాబట్టి ఊరి నుంచి అలాంటి ఫోన్ వస్తే "ఎంత పంపాలి" అని మాత్రమే అడక్కండి. కంప్రెషన్ రీడింగులు, లిఖితంగా మూడు కొటేషన్లు, బండి ఆగే రోజులు అడగండి. లెక్క కుదిరితే వడ్డీ లేకుండా ఇవ్వగలిగినంత ఇవ్వండి. నెలకి ఇంతని తిరిగి తీసుకోండి. ఆ తీసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. బండి సంపాదించే డబ్బుతోనే బండి బాకీ తీరితే, మామ తలెత్తుకునే ఉంటాడు.