తెల్లచొక్కా ఆసామీ తప్పేనా?

మన సినిమాల్లో బాక్సింగ్ రిఫరీ అంత అమాయకుడు ఇంకొకడుండడు. విలన్ మోచేత్తో పొడుస్తాడు, తలతో కుమ్ముతాడు, గంట కొట్టాక కూడా గుద్దుతాడు. తెల్లచొక్కా ఆసామీ మాత్రం గుడ్లప్పగించి చూస్తుంటాడు. ఆయన పనల్లా ఆఖర్న పది లెక్కపెట్టి, హీరోగారి చెయ్యి పైకెత్తడమే! ‘తమ్ముడు’ (1999) లాంటి కిక్ బాక్సింగ్ కథయినా, ‘గురు’ (2017) లాంటి బాక్సింగ్ కథయినా మన చూపు రిఫరీ మీద నిలవదు గదా.

నిజం పోటీ చూసినా అదే అలవాటు. టీవీలో మన అమ్మాయి ఓడిందంటే చాలు, బారువ టీ బడ్డీ దగ్గర ఒకటే గోల... “ఆ రిఫరీకి కళ్ళు అగుపడ్డం లేదేటి?” అని. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక్క క్షణం! తిట్టేది ఎవర్నో తెలుసుకుని తిడదాం.

ఒలింపిక్ పోటీల్లో రింగులో తిరిగే రిఫరీ పాయింట్లు వెయ్యడు. పట్టుకు వేలాడితే విడదీస్తాడు. బెల్టు కింద కొట్టినా, తల వెనక కొట్టినా మందలిస్తాడు. వినకపోతే హెచ్చరిక, దాంతోపాటు పాయింటు కోత. దెబ్బకి తూలినవాళ్ళకి ఎనిమిది లెక్కపెట్టి, కళ్ళలోకి చూసి, ఆట సాగించాలో ఆపాలో తేలుస్తాడు. పాయింట్లు వేసేది రింగు చుట్టూ కూర్చున్న అయిదుగురు జడ్జీలు. రౌండు గెలిచినవాళ్ళకి 10, ఓడినవాళ్ళకి 9 లేదా ఇంకా తక్కువ.

2021 జులైలో టోక్యోలో మేరీ కోమ్ సంగతే చూడండి. కొలంబియా అమ్మాయి ఇంగ్రిట్ వలెన్సియాతో మూడు రౌండ్ల పోటీ. రెండు రౌండ్లు మేరీవే! అయినా 3-2తో ఓడిపోయింది. రింగు దిగాక కూడా తానే గెలిచాననుకుంది పాపం. ఇదేం లెక్కంటారా? మొదటి రౌండు నలుగురు జడ్జీలు వలెన్సియాకిచ్చారు. తర్వాతి రెండూ ముగ్గురేసి మేరీకిచ్చారు. కాని తీర్పు రౌండ్లు లెక్కపెట్టి ఇవ్వరు. ఒక్కొక్క జడ్జీ తను వేసిన పాయింట్లు తను కూడుకుంటాడు. అలా కూడితే ముగ్గురి లెక్కలో వలెన్సియాదే పైచెయ్యి. కూడిక సరే. ఆ మొదటి రౌండు అంత తేడాగా సాగిందా అన్నదే అసలు ప్రశ్న. అందులో రిఫరీ ప్రమేయం ఏమీ లేదు.

జడ్జీల మీద అనుమానం ఇవాళ్టిది కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలిస్తే, కొరియా పార్క్ సి-హున్ తగిలించినవి 32 అని టీవీవాళ్ళు లెక్కగట్టారు. బంగారం మాత్రం పార్క్‌కి! ఆ గొడవ తర్వాత 1992లో మీట నొక్కే యంత్రాలొచ్చాయి. అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే పాయింటు. దాంతో గబగబా పడే దెబ్బలు లెక్కకి రాకుండా పోయాయని మరో గోల. 2013లో 10 పాయింట్ల పద్ధతికి వచ్చారు. యంత్రం మారింది గాని తగువు తీరలేదు.

మరి రిఫరీని తిట్టరా అంటే, తిడతారు. 1990 మార్చి 17న లాస్ వేగాస్‌లో మెల్డ్రిక్ టేలర్ ఇద్దరు జడ్జీల లెక్కలో ముందున్నాడు. ఇంక రెండే రెండు సెకన్లు! చావెజ్ కొట్టిన దెబ్బకి పడి లేచినా, అడిగినదానికి బదులు పలకలేదు. రిఫరీ రిచర్డ్ స్టీల్ పోటీ ఆపేశాడు. నేటికీ ఆ వాదన తెగలేదు. కాని 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ రింగులో తిన్న దెబ్బలకి ప్రాణమే పోయిందని గుర్తుంచుకుంటే, ఆ రెండు సెకన్ల విలువ వేరేగా కనిపిస్తుంది.

అన్యాయం ఒక్కోసారి గంట కొట్టకముందే జరుగుతుంది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి ట్రయల్ లేకుండానే మేరీని పంపే ఆలోచన చేశారు. మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ ఊరుకోలేదు. ట్రయల్ పెట్టమని నేరుగా కేంద్ర క్రీడా మంత్రికి ఉత్తరం రాసింది. ఎదురుగా ఉన్నది మేరీ కోమ్! ఎన్ని మాటలు పడాలో తెలిసే రాసింది. డిసెంబరు 28న ట్రయల్ జరిగింది, నిఖత్ 9-1తో ఓడింది. కాని అడిగింది గెలిపించమని కాదు, ఆడనివ్వమని. అదే నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది!

మా బారువ ఇసుకలో కబడ్డీ ఆడే గుంటలకి ఇది చెప్పక్కర్లేదు. మడమతో గీసిన గీత నాలుగు కూతలకే చెరిగిపోతుంది. ఇంక గీత ఎక్కడుందో బలమైనవాడే చెబుతాడు. కూత మొదలెట్టకముందే గీత అందరికీ కనబడాలి, చెరిగితే ఆట ఆపి మళ్ళీ గియ్యాలి. బాక్సింగ్‌కయినా అంతే. ఎవరు ఎన్నివేశారో, ఎందుకు వేశారో బయటపెట్టాలి, పెద్ద పేరున్నవాళ్ళకీ చిన్నవాళ్ళకీ హెచ్చరిక ఒక్కలాగే పడాలి.

ఈసారి పోటీ చూసేటప్పుడు గుద్దులతోపాటు రిఫరీ చేతుల్ని కూడా చూడండి. ఈల వెయ్యండి, తప్పులేదు. ఎవరి మీద వేస్తున్నారో చూసుకుని మరీ వెయ్యండి!