తోటకు అద్దె ఇవ్వాలి, నీటికి వెల కాదు

డెల్టా కాలువలు కట్టేసిన ప్రతి వేసవిలో కోనసీమ శివారు గ్రామాల మంచినీటి గురించి రెండు రకాల వార్తలు వస్తాయి. పంచాయతీ బోరు ఉప్పుతేలితే ఎవరో రైతు తన కొబ్బరితోటలోని ఫిల్టర్ పాయింటు నుంచి ఊరికి నీళ్లిచ్చాడని ఒకటి. ఇంకెవరో మోటారు అద్దె పెంచేశాడని, ట్యాంకరుకు ఇంతని వసూలు చేస్తున్నాడని మరొకటి. మొదటిదాంట్లో ఆసామి దాత, రెండోదాంట్లో వ్యాపారి. రెండు కథనాలూ నిలబడింది మాత్రం ఒకే ఊహ మీద: తోట ఎవరిదైతే తోట కింది నీళ్లూ వారివేనని. విలేకరులే కాదు, అద్దె బిల్లులు పాసు చేసే అధికారులు కూడా ఈ ఊహను ప్రశ్నించరు. చట్టం అంత సూటిగా ఆ మాట చెప్పలేదు. కోనసీమ విషయంలోనైతే ఆ మాట చెప్పడానికే వీల్లేదన్నది నా వాదన.

ఈ నమ్మకానికి మూలం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. అది మొదట్లో దేశమంతటికీ వర్తించలేదు. మద్రాసు గవర్నరు ఏలుబడిలోని ప్రాంతాలు, సెంట్రల్ ప్రావిన్సులు, కూర్గు - వీటికే పరిమితం. అంటే అప్పటి గోదావరి జిల్లాలోని అమలాపురం, రాజోలు 1882 జులై 1 నుంచే దాని కింద ఉన్నాయి. ఏడో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకదాని ప్రకారం, స్పష్టమైన పాయగా పారని భూగర్భజలాన్ని తన హద్దుల్లో తోడుకుని వాడుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉంది. ఇంగ్లండులో 1843 నాటి యాక్టన్ - బ్లండెల్ కేసు, 1859 నాటి చేస్‌మోర్ - రిచర్డ్స్ కేసు స్థిరపరిచిన సూత్రమిది. నేల కింద నీరు ఎటు కదులుతుందో కంటికి కనబడదు కాబట్టి దాని మీద ఇరుగుపొరుగు హక్కులు నిర్ణయించలేమని ఆనాటి న్యాయమూర్తులు భావించారు. కానీ ఆ సూత్రం ఇచ్చింది తోడుకునే స్వేచ్ఛను మాత్రమే. తోడకముందు ఆ నీటి మీద యాజమాన్యాన్ని కాదు. పక్క ఆసామి తన హద్దులో ఇంకా లోతుకు బోరు దింపి నీళ్లన్నీ లాగేసుకుంటే ఈయన దావా వేసినా నిలవదు. పక్కవాడి బొగ్గుగని వల్ల బావి ఎండిన యాక్టన్ కేసులో తేలింది అదే. పక్కవాడు పట్టుకుపోతుంటే ఆపలేనిదాన్ని సొంత ఆస్తి అని ఎలా అంటాం? తోడి తొట్టిలో పోశాక నీరు ఆయనదే కదా అంటే, నిజమే. అయితే పంచాయతీ బావినీ మోటారునూ అద్దెకు తీసుకున్నప్పుడు తోడుతున్నది పంచాయతీ. ఇక ఆసామికి చెల్లించాల్సింది బావికీ మోటారుకీ గాని, నీటికి కాదు.

అదే చట్టం ఊరికీ ఒక దారి మూసింది. పదిహేడో సెక్షన్ ప్రకారం, స్పష్టమైన పాయగా పారని భూగర్భజలం మీద ఎన్నేళ్లు వాడుకున్నా అనుభవం వల్ల హక్కు పుట్టదు. తండ్రి కాలమంతా ఊరు ఆ తోటలో నీళ్లు పట్టుకున్నా, కొడుకు గేటుకు తాళం వేస్తే ఆ సెక్షన్ ఊరిని ఆదుకోదు. ఆనవాయితీ మీద వాదించవచ్చు గాని, దాన్ని రుజువు చేసే భారం ఊరి మీదే పడుతుంది. కాబట్టి ఆసామి మంచితనాన్ని మెచ్చుకునే వార్తలు ఎంత నిజాయితీగా రాసినా ఊరికి రక్షణ ఇవ్వవు. మాట మీద నడిచే ఏర్పాటు ఆ మాట ఇచ్చిన మనిషి ఉన్నంతవరకే.

ఈ చట్టం గురించి మాట్లాడేవారు సాధారణంగా ఏడో సెక్షన్ దగ్గరే ఆగిపోతారు. కోనసీమకు అసలు ముఖ్యమైనది రెండో సెక్షన్. నదులు, సహజమైన చెరువుల నీటి మీద, ప్రజాధనంతో సాగు కోసం కట్టిన కాలువల్లో, ఇతర నిర్మాణాల్లో పారే, నిలిచే, పంచే నీటి మీద ప్రభుత్వానికున్న నియంత్రణాధికారాన్ని ఈ చట్టంలోని ఏదీ తాకదని అందులో ఉంది. ఇప్పుడు కోనసీమ పటం ముందు పెట్టుకోండి. ఒకపక్క గౌతమి, మరోపక్క వశిష్ట, మధ్యలో చీలిన వైనతేయ, దక్షిణాన సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మధ్య డెల్టా కాలువలు వచ్చాయి. గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడెక్టు కట్టి నగరం లంకకు, అంటే నేటి రాజోలు వైపుకు, నీళ్లు దాటించారు. ఏడాదిలో ఎక్కువ నెలలు కాలువలు, బోదెలు, వరిచేలు నీటితో నిండి ఉంటాయి. ఆ నీరు ఊరుతూనే తోటల కింది ఇసుకలోకి దిగుతుంది. కాలువలు కట్టేసిన కొన్ని వారాలకే బావులు దిగిపోయి, సముద్రం వైపు ఊళ్లలో ఉప్పుతేలడమే దీనికి సాక్ష్యం. రాజోలు తోటలో ఫిల్టర్ పాయింటు నుంచి వచ్చే నీటిలో వాన వాటా ఎంతో గోదావరి వాటా ఎంతో విడదీయడం కష్టం. గోదావరి వాటా మాత్రం ప్రజాధనంతో కట్టిన కాలువ మోసుకొచ్చినదే.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1865 నాటి మద్రాసు నీటి తీరువా చట్టం, తర్వాతి సవరణలతో కలిపి చూస్తే, సర్కారు కాలువ నీరు నేరుగా పారినా, పక్క భూమిలోంచి ఊరి వచ్చినా, ఆ నీటితో సాగైన చేనుకు తీరువా వేసే అధికారం ఇచ్చింది. అది పన్ను చట్టం, యాజమాన్య చట్టం కాదని అభ్యంతరం చెప్పవచ్చు. కానీ ఆ పన్నుకు ఆధారమేమిటి? నేల కిందుగా నడిచి వచ్చినంత మాత్రాన ఆ నీటి మూలం మారదన్న గుర్తింపే కదా. రైతు దగ్గర తీరువా పిండుకోవడానికి సర్కారు నీరైనది, దళితపేటకు బిందెడు నీళ్లు కావలసినప్పుడు సొంత నీరు ఎలా అవుతుంది? నాకు తెలిసినంతవరకు ఈ తర్కాన్ని ఏ కోర్టూ కోనసీమ విషయంలో తేల్చి చెప్పలేదు. ఎవరూ కోర్టు ముందు పెట్టినట్టు కూడా లేదు.

కోర్టులు చెప్పినదాంట్లోనూ రెండు గొంతులున్నాయి. కేరళలోని ప్లాచిమడ కోకాకోలా ప్లాంటు కేసులో 2003 డిసెంబరులో ఆ రాష్ట్ర హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం, భూగర్భజలం ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడాల్సిన సంపద అన్నది. 2005 ఏప్రిల్‌లో డివిజన్ బెంచి దాన్ని తిరగరాసి, చట్టం అడ్డుకోనంత వరకు భూయజమానికి తోడుకునే హక్కు ఉందన్నది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వివాదం, ప్లాంటు మళ్లీ తెరవబోమని కంపెనీ 2017లో చెప్పడంతో తీర్పు లేకుండానే ముగిసింది. నా మొగ్గు ఏకసభ్య తీర్పు వైపే. 1996 నాటి కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రక్షణ కోసం సాగిన నాయుడు కేసులో, 2000లో, తాగునీటి హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది. వీటితో పోలిస్తే ఇంగ్లండు బొగ్గుగని తగాదాలో పుట్టిన సూత్రం తేలికైనది. 2012 జాతీయ జలవిధానం కూడా ఈజ్‌మెంట్స్ చట్టాన్ని ఈ దిశగా సవరించాలన్నది. అది విధానమే గాని చట్టం కాదని ఒప్పుకోవాలి.

ధర గురించి రాసేవాళ్లు వదిలేసే సంగతి ఇంకొకటుంది. శివారు దిబ్బల కింద మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతూ ఉంటుంది. జలమట్టం ఒక అడుగు దిగితే కింది ఉప్పునీటి సరిహద్దు నలభై అడుగుల దాకా పైకి లేవగలదని గైబెన్ - హెర్జ్‌బర్గ్ సూత్రం. ఇసుకలో దించిన గొట్టానికి మోటారు బిగించి పొద్దున ఆన్ చేస్తే మొదట తియ్యటి నీళ్లే వస్తాయి. గంటల తరబడి ఆపకుండా లాగితే కింది ఉప్పు గొట్టం మూతికి చేరుతుంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాల దాకా మంచిదంటుంది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. లీటర్ల లెక్కన డబ్బిచ్చే ఏర్పాటు ఆసామిని ఎక్కువసేపు తోడమని పురిగొల్పుతుంది. దానికి మూల్యం ఆ తోటా, పక్క తోటలూ, ఊరూ కలిసి చెల్లిస్తాయి. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఎగదన్నిన ఉప్పునీటికి కొబ్బరిచెట్లు మోడువారిన తీరు చూశాక కూడా దీన్ని వట్టి బేరంగా చూడటం అన్యాయం.

మరి ఆసామి ఎందుకివ్వాలి? ఈ ప్రశ్నను తీసిపారేయకూడదు. తోటలో బాట తొక్కుతారు, కరెంటు బిల్లు పెరుగుతుంది, దింపులప్పుడు జనం అడ్డొస్తారు. తోట బావి ప్రజా తాగునీటి వనరైతే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చుట్టూ 250 మీటర్లలో అనుమతి లేకుండా ఎవరూ కొత్త బోరు వేయకూడదు. ఇరుగుపొరుగు రైతులకు ఇది నిజమైన నష్టం. ఈ నష్టాలన్నిటికీ పరిహారం ఇవ్వాలి, ధారాళంగా ఇవ్వాలి. అది నేలకు, మోటారుకు, వదులుకున్న అవకాశానికి ఇచ్చే పరిహారం. నదీజలాన్ని పైపుల్లో ఇంటింటికీ తెస్తుంటే తోటల గొడవెందుకన్నది మరో వాదన. కొత్తపేట, రావులపాలెం వైపు అది చెల్లుతుంది. అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన వైపు పైపు చివరి ఊళ్లకు వేసవిలో ఒత్తిడి తగ్గినప్పుడు మళ్లీ తోటే దిక్కవుతుంది.

కోనసీమ జిల్లా అంబేడ్కర్ పేరు మోస్తోంది. 1927లో ఆయన మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగితే, ఆ చెరువు తమదేనంటూ, అనాదిగా అంటరానివారు రాని ఆచారమంటూ అగ్రవర్ణాలు కోర్టుకెక్కాయి. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. రాజ్యాంగం పదిహేనో అధికరణంలో, పూర్తిగా గాని కొంతవరకు గాని ప్రభుత్వ సొమ్ముతో నిర్వహించే బావులు, చెరువుల దగ్గర కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని రాసుకున్నాం. పంచాయతీ ఒక్క మోటారు అద్దె కట్టినా ఆ తోట బావి ఈ మాట కిందకు వస్తుందని నా అభిప్రాయం. అద్దె ఒప్పందాల్లో ఇది రాసి ఉండాలి. బాట అందరిదని, రోజుకు ఎన్ని గంటలు తోడాలో లవణాల కొలత చూసి నిర్ణయిస్తారని, తోట అమ్మినా పంచుకున్నా ఒప్పందం కొనసాగుతుందని రాసి రిజిస్టరు చేయించాలి. నేలకింత, మోటారుకింత, కరెంటుకింత, తోట నష్టానికింత అని విడివిడిగా లెక్క చూపాలి. లీటరుకింత అన్న గడి మాత్రం ఆ కాగితంలో ఉండకూడదు.